నా పేరు మీద తిరిగిన తొడిమల కషాయం

ముప్పై అయిదేళ్ల ఉద్యోగంలో నేను రాసినవి తక్కువేమీ కావు. మలేరియా రిపోర్టులు, టీకాల పట్టికలు, బావుల్లో క్లోరిన్ కలిపిన రిజిస్టర్లు, పై అధికారులకు సంజాయిషీలు, ఇవి కాక రోజుకో పేజీ సొంత డైరీ. వాటిలో దేన్నీ పదిమందికి మించి చదివి ఉండరు. డైరీనైతే నా భార్య కూడా ముట్టలేదు. చదివేంత విషయం అందులో ఉండదని ఆమె నమ్మకం. అలాంటిది, సర్వీసు చివరి ఏడాది నేను రాసిన ఒక్క ప్రకటనను చుట్టుపక్కల మండలాల జనమంతా చదివారు. సరిగ్గా చెప్పాలంటే దాని పైసగం చదివారు. పైసగంలో ఉన్నదంతా అబద్ధం.

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరి, చేతిలో ఫోను పట్టుకుని ఊళ్లు తిరుగుతున్న పిల్లల కోసం ఈ సంగతి రాస్తున్నాను. మీకు ట్రైనింగులో ఎన్నో చెప్పి ఉంటారు. ఇది మాత్రం చెప్పి ఉండరు, ఎందుకంటే ఈ తప్పు చేసినవాడిని నేనొక్కణ్ణే అనుకుంటాను. పేర్లు రాయను. అందరూ ఇంకా అక్కడే ఉన్నారు. పైగా వాళ్లలో ఒకావిడ నోటికి నేను ఇప్పటికీ జడుస్తాను.

అప్పుడు నేను పల్నాడులో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్ని. అటు పెదకూరపాడు, ఇటు బెల్లంకొండ, రెండూ మాకు బస్సు దూరం. డాక్టరమ్మ ఈడులో మా చిన్నమ్మాయి కంటే చిన్నది. ఫార్మసిస్టు నాకంటే పదేళ్లు చిన్నవాడు. తను నవ్వకుండా ఎదుటివాణ్ణి నవ్వించడం, మరీ వీలైతే ఏడిపించడం అతని విద్య. ఇక మా ఆశా కార్యకర్త. ఊళ్లో ఏ ఇంట్లో ఎవరు తుమ్మినా ఆమెకు తెలుస్తుంది, తెలిసింది దాచుకోవడం మాత్రం తెలియదు.

ఫిబ్రవరి దాటిందంటే మా వైపు నేల ఎర్రబడుతుంది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు. ఊళ్లోకి బస్సు రాగానే ప్రయాణికులంతా వరసగా తుమ్ముతారు, కండక్టరు స్టేజీ పేరు చెప్పక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీ పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. నలభై మంది ఆడవాళ్లు అందులో వరసలుగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, మంచి కాయలకు తొడిమలు తీస్తూ ఉండేవారు. ఆ ముఠాకు మేస్త్రి ఒకావిడ. అందరూ మేస్త్రమ్మ అనేవారు. నా ఈడుదే. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, నోట్లో సగం నమిలిన వక్క. ఆమె షెడ్డులో అడుగు పెడితే కబుర్లు ఆగి కాయలు కదిలేవి.

మేస్త్రమ్మకు షుగర్. ఆ సంగతి కనిపెట్టింది నేనే. కనిపెట్టడం తేలికైంది, మాత్ర మింగించడానికి పదకొండుసార్లు ఆమె గడప తొక్కాల్సి వచ్చింది. పదకొండూ డైరీలో ఉన్నాయి. నాలుగోసారి దగ్గర ‘కుక్కను వదిలినది’ అని ఉంది.

“నాకేం రోగం సారూ? బస్తా మిరపకాయలు ఎత్తి అవతల పారేస్తా. నువ్వెత్తు చూద్దాం” అనేది.

చివరికి ఒప్పుకుంది. అదీ ఒక షరతు మీద. మాత్రలు తను ఆసుపత్రికి వచ్చి తీసుకోదు. ఆశా కార్యకర్త కొంగులో కట్టుకుని, వక్కపొడి ఇచ్చినట్టు ఇచ్చిపోవాలి. మేస్త్రికి రోగమని తెలిస్తే ముఠా పక్క మేస్త్రి దగ్గరికి పోతుందని ఆమె భయం. ఆ షరతు నాకు బాగా అర్థమైంది. ఎందుకు అర్థమైందో తర్వాత చెబుతాను.

ఆ ఏడాది మార్చిలో మా ఊళ్ల ఫోన్లలోకి తొడిమల కషాయం వచ్చింది. ఎండు మిరప తొడిమలు మరగబెట్టి తాగితే షుగర్ పోతుందట. ఎవరు కనిపెట్టారో తెలియదు. కనిపెట్టినవాడు తెలివైనవాడని ఒప్పుకోవాలి. మా దగ్గర తొడిమ కంటే చవకైనది లేదు. షెడ్డు వెనక గుట్టలుగా పడి ఉంటుంది, గొడ్డు తినదు, తగలబెడితే ఊరంతా దగ్గు. కోతకు ముందు దాకా మిరపకు ఎన్ని మందులు కొడతారో మీకు తెలియంది కాదు. ఆ పిచికారీ అంతా కాయతో పాటు తొడిమ మీదా పడుతుంది. దాన్ని మరగబెట్టి పరగడుపున తాగడం!

నేను ఊరుకోలేదు. ఇక్కడే మీరు జాగ్రత్తగా చదవాలి.

మా కాలపు ఆఫీసు పద్ధతి ఒకటుంది. ఏ కాగితానికి జవాబు రాసినా ముందు పంపువారి హోదా, తర్వాత విషయం, తర్వాత సూచిక ఉండాలి. మొదటి పేరాలో మనకు వచ్చిన కాగితంలో ఏముందో పొల్లుపోకుండా ఎత్తి రాయాలి. మన నిర్ణయం ఆఖరి పేరాలో ‘కావున’ అని మొదలవుతుంది. నేను చేరిన కొత్తలో మొదటి పేరా ఎగ్గొట్టి నేరుగా జవాబు రాసినందుకు మా హెడ్ క్లర్కు ఒకే ఉత్తరాన్ని నాచేత మూడుసార్లు రాయించాడు. నాలుగోసారి రాసే అవసరం రిటైరయ్యేదాకా రాలేదు.

ఆ పద్ధతిలోనే వాట్సాప్‌కు కూర్చున్నాను. కానీ ఖండించాల్సిన సందేశం ఒకటి కాదు, మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకదానిలో తొడిమలు ఎన్నో లేదు. ఇంకోదానిలో నీళ్లెన్నో లేదు. మూడోదానిలో ఎన్నాళ్లు తాగాలో లేదు. అసంపూర్తిగా ఉన్నదాన్ని ఖండిస్తే మన ఖండన కూడా అసంపూర్తే కదా! అందుకని ఆశా కార్యకర్తను నలుగురిని అడిగి రమ్మన్నాను, మూడింటినీ సరిచూశాను, లోపాలు పూరించాను. అబద్ధాన్ని శుభ్రంగా ఫెయిర్ కాపీ చేశానన్న మాట. తర్వాత ఒంటి వేలితో రెండు గంటలసేపు టైపు చేసి ఊరి గ్రూపుల్లో పెట్టాను. ఇదీ ఆ ప్రకటన:

‘పంపువారు: హెల్త్ సూపర్‌వైజర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. విషయం: మిరప తొడిమల కషాయంతో షుగర్ వ్యాధి నయమగుట గురించి. సూచిక: ప్రజలలో ప్రచారంలో ఉన్న సందేశం. ఎండు మిరప తొడిమలు గుప్పెడు తీసుకొని, మూడు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు అగు వరకు మరిగించి, వడగట్టి, పరగడుపున ఇరవై ఒక్క రోజులు సేవించవలెను. పదకొండవ రోజు నుండి మాత్రలు మానివేయవచ్చును. ఇరవై ఒకటవ రోజుకు షుగర్ పూర్తిగా పోవును.’

దీని కింద ‘ఇంకా చదవండి’ అని ఒక చిన్న నీలం రంగు ముక్క పడుతుందని నాకు తెలియదు. నా ఫోనులో నేను రాసింది నాకు పూర్తిగానే తెలుసు కాబట్టి దాని మీద వేలు పెట్టే అవసరం రాలేదు. ఆ నీలం ముక్క కింద, చీకట్లో, నా ‘కావున’ పడి ఉంది. ‘కావున పైన ఉదహరించిన సందేశం పూర్తిగా అసత్యమనియు, తొడిమలపై పురుగుమందుల అవశేషములు ఉండుననియు, మాత్రలు మానిన ప్రాణాపాయమనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.’

రాత్రికల్లా అరవై మంది దండాల బొమ్మలు పెట్టారు. ‘స్పందన బాగుంది’ అని ఆరోజు డైరీలో రాసుకున్నాను. ఆ వాక్యం మీద తర్వాత ఎర్ర సిరాతో ఒక గీత గీశాను. కొట్టేయలేదు. డైరీలో కొట్టివేతలు ఉండకూడదని నా నియమం.

షుగరు, బీపీ మాత్రలు మా దగ్గర బుధవారం ఇచ్చేవాళ్లం. ఆ ప్రకటన తర్వాత రెండో బుధవారం ఫార్మసిస్టు స్టాకు రిజిస్టరు చంకలో పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

“సార్, మీ కషాయం అద్భుతంగా పనిచేస్తోంది.”

“నా కషాయమేంటి?”

“మాత్రలకొచ్చేవాళ్లు సగానికి పడిపోయారు. ఇట్లాగే ఇంకో రెండు వారాలు గడిస్తే నన్ను బదిలీ చేసి ఈ కుర్చీలో మిరప చెట్టు నాటొచ్చు.”

నాకు అర్థం కాలేదు. అదే సమయానికి ఆశా కార్యకర్త వచ్చింది. ఆమె చేతిలో ఒక గోనెసంచి.

“ఏందమ్మా అది?” అన్నాను.

“తొడిమలు సారూ. మా అత్తకి. షెడ్డు కాడ జనం ఎగబడతన్నారు, ఇయ్యాళ కాకపోతే దొరికేట్టు లేవు.”

“నీకు మతి ఉందా? నువ్వే ఇట్లా చేస్తే ఎట్లా?”

“ఏంది సారూ, మీరే రాసి మీరే తిడతారేంది?” అంటూ ఫోను తీసి నా ముక్కు కింద పెట్టింది. “ఇదిగో, పంపువారు ఎవరు? మీరు కాదా? ముందు నేనూ నమ్మలా. మీరు కొలతలతో సహా రాశాక నమ్మినా.”

నేను ఆ నీలం ముక్క మీద వేలు పెట్టాను. కింద దాక్కున్న ‘కావున’ బయటికొచ్చింది. ఆమె చదివింది. సంచి వంక చూసింది. నా వంక చూసింది.

“దీన్ని ఇంత అడుక్కి ఎందుకు నూకారు సారూ?”

ముప్పై అయిదేళ్లలో ఏ కలెక్టరూ నన్ను అంత మంచి ప్రశ్న అడగలేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, పక్కవాళ్లకు పంపేటప్పుడు కొందరు ‘మరీ పొడుగైంది’ అని అడుగుభాగం కత్తిరించారు. యూట్యూబులో ఎవరో వెనక వేణువు వాయిద్యం పెట్టి, నా మొదటి పేరా మాత్రం గంభీరంగా చదివి, ‘స్వయానా ప్రభుత్వ ఆరోగ్య అధికారి ఇచ్చిన ప్రకటన’ అని ముగించాడు. చదవడం బాగానే ఉంది. ‘సేవించవలెను’ దగ్గర గొంతు కొంచెం వణికించాడు కూడా.

డాక్టరమ్మ నన్ను తన గదికి పిలిచి తలుపు వేసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“సార్, దిద్దుబాటు ఇప్పుడే పెడదాం. రాయండి.”

నేను ఫోను తీసి, ‘పంపువారు’ అని మొదలుపెట్టి, ‘సూచిక: నా మొదటి ప్రకటన’ దాకా వచ్చాను. ఆమె ఫోను నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. రెండే ముక్కలు కొట్టింది. ‘తొడిమల కషాయం తాగొద్దు. షుగర్ మాత్రలు మానొద్దు.’

“అంతేనా మేడమ్?”

“అంతే సార్.”

ఆ రెండు ముక్కలు బాగున్నాయి కానీ కదల్లేదు. ఊరికి దండోరా వేసినట్టు అన్ని గ్రూపుల్లో పెట్టాం. చదివినవాడు చదివి పక్కన పెట్టాడు. ఇంకొకడికి పంపాలనిపించే రుచి అందులో లేదు. పైగా, ‘మందుల కంపెనీలోళ్లు సారు మీద ఒత్తిడి తెచ్చారంట’ అని కొత్త కథ ఒకటి పుట్టింది. అసలు నిజం చెప్పొద్దూ, నా మీద ఎవరో ఒత్తిడి తెచ్చేంత గొప్పవాణ్ణయ్యానని ఒక్క క్షణం సంతోషించాను.

అప్పుడు ఫార్మసిస్టు సలహా ఇచ్చాడు. “సార్, నిజం నడవట్లేదు. దానికి కాస్త మసాలా వేద్దాం. తొడిమల కషాయం తాగితే మీసాలు రాలిపోతాయని రాయండి. సాయంత్రానికి గురజాల దాటుద్ది.”

“ఛ! మనం అబద్ధం రాయడమేంటి?” అన్నాను.

“నేను ఊరికే అన్నా సార్” అని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దుటికి మీసాల సంగతి ప్రతి ఫోనులోనూ ఉంది. ఎవరు రాశారో నాకు తెలియదు. డాక్టరమ్మ అడిగినప్పుడు ఫార్మసిస్టు స్టాకు రిజిస్టరులో ఏదో కూడికలో మునిగిపోయి ఉన్నాడు. ఆ పేజీలో కూడాల్సింది ఏమీ లేదని నేను చూశాను గానీ డైరీలో రాయలేదు.

పల్నాడు మగవాడికి మీసం సంగతి చెప్పనక్కర్లేదు. మూడు రోజుల్లో మగవాళ్లంతా కషాయం మానేశారు. బుధవారం మాత్రల వరస గేటు దాకా వచ్చింది. ఫార్మసిస్టు ఆ వరసను చూసిన చూపులో ఒక కవి తన కవితను చూసుకునే తృప్తి ఉంది. నేనూ లోపల్లోపల మెత్తబడ్డాను. అంతలో మొదటి ఫిర్యాదు వచ్చింది. ఒక ట్రాక్టరు డ్రైవరు వచ్చి, తను నాలుగు రోజులు తాగాననీ, ఎడమవైపు మీసం పలచబడిందనీ, పూతమందు ఇవ్వమనీ కూర్చున్నాడు. ఎంత చెప్పినా కదలడు. చివరికి ఫార్మసిస్టే తన పాపం తను మోయాల్సి వచ్చి, కొబ్బరినూనె సీసాలోంచి కొంచెం పోసి ఇచ్చాడు.

రెండోది ఇంకా వింత. పై పెదవి మీద నూగు ఉన్న ఆడపిల్లలు కషాయం మొదలుపెట్టారు. షుగర్ లేనివాళ్లు, పద్దెనిమిదేళ్ల పిల్లలు! “రాలిపోద్దంటగా సారూ” అని ఒకమ్మాయి సిగ్గుపడుతూ నన్నే అడిగింది, ఎన్నిరోజులకు రాలుతుందని. ఆరోజు డాక్టరమ్మ ఫార్మసిస్టును గదిలోకి పిలిచి తలుపు వేసింది. అతను బయటికి వచ్చాక సాయంత్రం దాకా ఎవరినీ నవ్వించలేదు. పిల్లలందరినీ కాలేజీ బస్సు దగ్గర ఒక్కొక్కరినీ పట్టుకుని మాన్పించేసరికి ఆశా కార్యకర్తకు వారం పట్టింది.

ఇదంతా ఇట్లా సర్దుకుంటూ ఉండగా ఒక శుక్రవారం ఆశా కార్యకర్త నా బల్ల దగ్గర నిలబడి, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడింది.

“సారూ, మేస్త్రమ్మ నా కాడ మాత్రలు తీసుకుని నెల దాటింది. అడిగితే ‘ఉన్నయ్ లేవే’ అంటంది. ఏడ ఉంటయ్, లెక్క నాకు తెలవదా? నిన్న చూస్తే కుంటతంది.”

నేను డైరీ తెరిచాను. నా ప్రకటన నాటి నుంచి లెక్క పెట్టాను. నలభై రెండు రోజులు. ఆమెకు మీసాలు లేవు కాబట్టి ఫార్మసిస్టు అబద్ధం ఆమెకు పనిచేయలేదు. నా అబద్ధం పనిచేసింది. పదకొండుసార్లు తిరిగి సంపాదించిన నమ్మకంతో ఆమె నా మాట చదివింది, చదివిన వరకూ తు.చ. తప్పకుండా పాటించింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లాం, నేనూ ఆశా కార్యకర్తా. లోపలికి వెళ్లగానే ఇద్దరం తుమ్మాం. ఆడవాళ్లు నవ్వారు. మేస్త్రమ్మ బస్తాల పక్కన పీట మీద కూర్చుని ఉంది. కుడికాలు చాపుకుని, పాదానికి పాత చీర పీలిక చుట్టుకుని ఉంది. మనిషి చిక్కిపోయింది. బొట్టు మాత్రం అంతే ఉంది.

“రా సారూ రా! నీ మందు బెమ్మాండం” అంది నన్ను చూసి. “మనూళ్లో అందరూ మధ్యలో మానుకున్నారు గానీ నేను మాన్లా. ఇరవై ఒకటి కాదు, నలభై రోజులు తాగినా. షుగరు పోయినాక ఇంక దాచేదేముంది?”

“మేస్త్రమ్మా, అది నా మందు కాదు. అది తాగొద్దనే నేను రాసింది. నువ్వు పైసగమే చూశావు.”

“ఓయబ్బో! పైన తాగమని, కింద వద్దని రాస్తారా ఎవరన్నా? కలెక్టరు తిట్టినాడంటగా, అందుకని మాట మారుస్తన్నావు. నాకు తెలవదనుకున్నావా?”

ఆడవాళ్లు మళ్లీ నవ్వారు. చేతులు కాయల మీదే ఉన్నాయి, చెవులన్నీ మా మీద.

“కాలికేమైంది?”

“ఏం కాలా. గోతాలు కుట్టే దబ్బనం దిగింది, పది రోజులైంది. మొదట్లో సలుపుండేది. కషాయం చలవ, ఇప్పుడు సలుపూ లేదు, మంటా లేదు. చూడు కావాల్నంటే.”

గొప్పగా పీలిక విప్పింది. చిటికెనవేలి మొదట్లో పుండు. చుట్టూ నల్లబడి ఉంది. నేను వంగి చూశాను. పుండు మధ్యలో పచ్చగా ఏదో మెరిసింది. మిరప గింజ. ఒకటి కాదు, రెండు. పాదమంతా ఎర్రగా మిరప దుమ్ము.

షుగర్ ముదిరితే పాదం స్పర్శ పోతుందని నేను ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు. ఛార్టులు చూపించి, బొమ్మలు గీసి చెప్పాను. ఆ షెడ్డులో మాత్రం ఆ పాఠం ఎత్తుకోలేదు. ‘నాడులు’ అని మొదలుపెడితే మళ్లీ ‘పంపువారు, విషయం, సూచిక’ అయిపోతుందనిపించింది. కాబట్టి ఆమెతో మాట్లాడటం మానేసి వరసల వైపు తిరిగాను.

“అమ్మా, మీలో ఎవరికైనా చేతికో కాలికో పుండు ఉంటే, దాంట్లో మిరప గింజ పడితే ఎట్లా ఉంటుంది?”

“అమ్మో, పేణం పోద్ది సారూ” అంది ఒకామె.

“నాకు మొన్న గోరు చీలితే రెండు దినాలు నిద్రలేదు” అంది ఇంకొకామె.

“మరి మీ మేస్త్రమ్మ పుండులో రెండు గింజలున్నాయి. మంట లేదంటోంది.”

ముందు వరసలో ఉన్న ఒకామె లేచి వచ్చి, వంగి చూసి, చటుక్కున వెనక్కి జరిగింది. “అక్కా! ఏందే ఇది? గింజలు ఇరుక్కున్నయ్ గదే! నీకు తెలవట్లా?”

నలభై మంది చేతులు ఆగిపోయాయి. వాళ్లకు ఛార్టు అక్కర్లేదు. రోజంతా మంటతో బతికేవాళ్లకు మంట లేకపోవడం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మేస్త్రమ్మ తన పాదం వైపు చూసుకుంది. వేలితో గింజను తీసింది. మళ్లీ కావాలనే దాన్ని పుండు మీద పెట్టి నొక్కింది. ఎదురు చూసింది. ఏమీ లేదు. నోట్లో వక్క నమలడం ఆపేసింది.

గ్లూకోమీటరు తీసి ఆమె వేలు గుచ్చాను. నాలుగు వందల ముప్పై చూపించింది. ఆ అంకె చెప్పినా ఆమె తల ఎత్తలేదు. గింజ ఆమెకు అప్పటికే అంతా చెప్పేసింది.

“నరసరావుపేట పోదాం, లే. ఇప్పుడే. ఆలస్యమైతే కాలు తీసేస్తారు” అన్నాను.

“నేను రాను.”

“ఎందుకు రావు?”

“ఆసుపత్రిలో పడుకుంటే వీళ్లంతా ఏడుంటారు? పక్క మేస్త్రి కాచుకోనుండాడు. షుగరు మేస్త్రి అని పేరు పడ్డాక నా మాట ఎవుడింటాడు సారూ? రోజూ మాత్ర మింగాల్నంటే ఎంత నామోషీనో నీకేం తెలుసు? నువ్వు చెప్పేవోడివి.”

నాకు తెలుసు. తొమ్మిదేళ్లుగా తెలుసు. ఆ మాట నా భార్యకూ, గుంటూరులో ఒక డాక్టరుకూ తప్ప ఎవరికీ తెలియదు. డైరీలో కూడా ‘ఉదయపు ఔషధం’ అని మాత్రమే రాసుకునేవాణ్ణి. ఊరందరికీ చక్కెర తగ్గించండని చెప్పే హెల్త్ సూపర్‌వైజరుకే షుగరంటే నవ్వరూ? అందుకని మాత్రలు మా ఆసుపత్రిలో తీసుకోకుండా ఊరు కాని ఊళ్లో కొనుక్కునేవాణ్ణి. ఆమె కొంగు ముడి షరతు నాకు అంత బాగా ఎందుకు అర్థమైందో ఇప్పుడు మీకు తెలిసింది కదా.

చొక్కా లోపలి జేబులోంచి మాత్రల షీటు తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

ఆమె దాన్ని గుర్తుపట్టింది. తను నెలల తరబడి మింగినదే కదా. “ఎవరియ్యి?”

“నావే. తొమ్మిదేళ్ల నుంచి.”

ఊళ్లో తనకు తెలియని రోగం ఒకటి ఉందని తెలియడం ఆశా కార్యకర్తకు అదే మొదటిసారి.

మేస్త్రమ్మ షీటును తిప్పి చూసింది. ఖాళీ అయిన గుంటల్ని వేలితో తడిమింది. తర్వాత ఆమె పొట్టలోంచి నవ్వు బయలుదేరింది.

“ఒసే, ఇన్నారంటే! సారుకీ షుగరేనంట! తొమ్మిదేళ్ల నుంచి దొంగతనంగా మింగతన్నాడంట!”

షెడ్డంతా ఘొల్లుమంది. నేను తల దించుకుని నిలబడ్డాను.

“మరి తొడిమల కషాయం నువ్వు తాగావా సారూ?” అంది నవ్వు ఆపుకుంటూ.

“లేదు.”

“ఒక్క గుక్కన్నా?”

“ఒక్క గుక్కైనా లేదు. మాత్ర ఒక్కరోజూ మానలేదు.”

నవ్వు ఆగిపోయింది. నేను రాసిన రెండు పేరాలూ చేయలేని పని ఆ షీటులోని ఖాళీ గుంటలు చేశాయి.

“సరే, వస్తా. గానీ ఈ మాట నువ్వు నలుగురిలో చెప్పాల. నువ్వు రాసింది తప్పని, నీకు షుగరని, ఆ మందు తాగి నేను కుంటిదాన్నయ్యానని. నా ఫోన్లో చెప్పాల. చెబితేనే ఆటో ఎక్కుతా.”

“చెబుతాను. ముందు ఆటో ఎక్కు.”

“ముందు చెప్పు. నీ మాట పైసగం నమ్మి ఇంత దూరం వచ్చినా, ఇంక పూర్తిగా ఇన్నాకే లేస్తా.”

నన్ను బస్తాల మీద నిలబెట్టారు. ఆమే ఫోను పట్టుకుంది. నేను చెప్పాను. ‘పంపువారు’ లేదు, ‘సూచిక’ లేదు. “నాకు షుగర్ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాను. తొడిమల కషాయం గురించి నేను రాసిన తీరు తప్పు. అది నమ్మి మా మేస్త్రమ్మ కాలు పాడైంది. మీరెవరూ తాగొద్దు.” మధ్యలో రెండుసార్లు తుమ్మాను. ఆ తుమ్ములు కూడా అందులో ఉన్నాయి.

ఆటో ఎక్కుతూనే మేస్త్రమ్మ ఆ వీడియోను గ్రూపుల్లో పెట్టింది, నరసరావుపేటకు అది మాకంటే ముందు చేరింది. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ నా ముఖం చూసి, “తుమ్మిన సారు మీరే గదూ?” అన్నాడు. సాయంత్రానికి మా జిల్లా అధికారి ఫోను చేశాడు. పది నిమిషాలు మందలించి, చివర్లో గొంతు తగ్గించి, తనకూ పోయిన ఏడాది నుంచి ఉందనీ, ఏ మాత్ర వాడుతున్నావనీ అడిగాడు. నా ఉద్యోగ జీవితంలో పూర్తిగా, ఆఖరి మాట దాకా జనం విన్నది అదొక్కటే. ఒకడు తన తప్పు ఒప్పుకుంటూ తుమ్ముతుంటే ఎవరూ మధ్యలో ఆపరట. ఆ బుధవారం మాత్రలకు వచ్చినవాళ్లలో కొంగులో, రుమాల్లో దాచుకోకుండా చేత్తో పట్టుకెళ్లినవాళ్లు తొమ్మిది మంది. లెక్కపెట్టి రాసుకున్నాను.

మేస్త్రమ్మకు చిటికెనవేలు తీసేశారు. కాలు నిలబడింది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ముఠాలో ఒక్కరూ పక్క మేస్త్రి దగ్గరికి పోలేదు. షిఫ్టులు వేసుకుని ఆమెకు అన్నం పట్టుకెళ్లారు. ఆ అన్నం ఎంత ఉండాలో ఆశా కార్యకర్త కొలిచి కట్టించేది.

ఆ సెప్టెంబరులో నేను రిటైరయ్యాను. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. ఫార్మసిస్టు మాట్లాడుతూ నన్ను ‘పొడుగు ప్రకటనల పితామహుడు’ అన్నాడు. డాక్టరమ్మ రెండే వాక్యాలు మాట్లాడింది, రెండూ బాగున్నాయి. అంతా అయ్యాక మేస్త్రమ్మ వచ్చింది. ఆసుపత్రిలో ఇచ్చిన మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకుని, కొంచెం ఒరిగి నడుస్తూ స్టేజీ మెట్లెక్కింది. అందరూ రెండు చేతులా దండం పెట్టి వెళుతుంటే ఆమె ఒక్క కుడిచెయ్యి మాత్రం ఎత్తి ఆపింది.

“ఏంది మేస్త్రమ్మా, సగం దండమేనా?” అన్నాను.

“నీ మాట చదివి వేలు పోగొట్టుకున్నా, నీ మాట విని కాలు మిగుల్చుకున్నా. లెక్కకి సగమే వస్తది సారూ.”

“మరి మిగతా సగం?”

“వేలు మొలిచినాక పెడతాలే” అని దిగి వెళ్లిపోయింది.